ఓడ కూతకు ముందే వచ్చిన లారీ

మధ్యాహ్నం గ్రీసులోని పాట్రాస్ రేవులో ఓడ కూత పెట్టగానే పరాస్కెవి బంగాళాదుంపల ట్రేని ఓవెన్లోకి తోస్తుంది. మొగుడు స్టామాటిస్ లారీ నడపడం మానేసి తొమ్మిదేళ్లయినా ఆమెకు ఆ అలవాటు పోలేదు.

స్టామాటిస్ ఇటలీ నుంచి టైల్స్ తెచ్చేవాడు. అక్కడి అంకోనా రేవులో బయలుదేరిన ఓడ ముందు ఇగుమెనిత్సాలో ఆగి, ఆ తర్వాత పాట్రాస్ వస్తుంది. అందుకని పాట్రాస్ లారీలను లోపలికంటా తోసి, ఇగుమెనిత్సా లారీలను తలుపు దగ్గర నిలుపుతారు. లోపల ఇరుక్కున్నవాడు బయటపడేసరికి గంట. స్టామాటిస్‌కు అంత ఓపిక లేదు. ఓడ మీదే ఉండి లారీలు ఎక్కించి దింపే జెరాసిమోస్ అతని కూతురికి బాప్తిస్మం నాటి జ్ఞానతండ్రి, వరసకు బావ. ఏటా వందసార్లు ఆ బావ మొహం మీదే "నేను ఇగుమెనిత్సాకే" అని తలుపు దగ్గర చోటు పట్టేవాడు. అక్కడ దిగి, రేవులో ఒక చుట్టు కొట్టి, అందరికన్నా చివర మళ్లీ ఎక్కేవాడు. పాట్రాస్‌లో అందరికన్నా ముందు దిగి, మిగిలిన గంటా కాఫీకొట్టులో పాచికలాడేవాడు. ఇంట్లో మాత్రం లోపల ఇరుక్కుపోయానని నిట్టూర్చేవాడు.

ఒక జూలైలో పరాస్కెవి పేరుపండుగ, అంటే ఆమెకు పేరు పెట్టిన పునీతురాలి రోజు, వచ్చింది. పదకొండేళ్లుగా ఆ రోజు ఆమె చల్లారిన కూరే వడ్డిస్తోంది. ఈసారి వేడివేడిగా తినడానికి కూర్చోకపోతే ఆగస్టంతా అమ్మ దగ్గర దీవిలో ఉంటానని, వండుకు తినమని చెప్పేసింది. స్టామాటిస్ ఆ రోజు పాచికల జోలికి పోనని ఒట్టేసుకున్నాడు.

ఇగుమెనిత్సాలో ఎప్పటిలాగే దిగి చుట్టు తిరిగి వచ్చేసరికి ఓడ తలుపు పైకి లేస్తోంది. ఆ ఉదయమే ఈ లారీ సంగతి మీద పై అధికారి జెరాసిమోస్‌ను నలుగురిలో కడిగేశాడు.

"బావా, దించు. నేను పాట్రాస్ పోవాలి."

"ఇగుమెనిత్సా అన్నావుగా, దింపాను. మధ్యాహ్నం మీ ఇంట్లో భోజనానికి నన్ను పిలిచారు. నీ వాటా కూడా తింటాలే."

స్టామాటిస్ కొండదారి పట్టాడు. దారి పొడుగునా బావను తిట్టిపోశాడు. లారీ డ్రైవర్లకు తప్పనిసరైన విశ్రాంతి ముప్పావుగంటా, బళ్లను అఖాతం దాటించే చిన్న ఓడ కోసం నిలబడ్డ వరసలోనే గడిచిపోయింది. ఒంటిగంటన్నరకు చెమటతో ఇంట్లోకి అడుగుపెట్టాడు.

పరాస్కెవి కిటికీలోంచి రేవు చూసింది. తర్వాత అతన్ని చూసింది. "ఓడ కూతే పెట్టలేదు. నువ్వెలా ఊడిపడ్డావ్?"

"నీ కోసం రోడ్డున వచ్చానే."

ఆమె మెత్తబడింది, బుగ్గ కూడా గిల్లింది. ఆ మెత్తదనం మూడింటి దాకా నిలిచింది. స్వీట్ల పెట్టెతో వచ్చిన జెరాసిమోస్, టేబుల్ దగ్గర స్టామాటిస్‌ను చూసి పొలమారి, నీళ్లు తాగి, కథంతా చెప్పేశాడు. ముందు దిగే సంగతితో పాటు పాచికల సంగతీ చెప్పాడు.

పరాస్కెవి లేచింది. మొగుడి ముందున్న కంచం తీసి జెరాసిమోస్ ముందు పెట్టింది.

ఆగస్టులో దీవికి పోలేదు గానీ, ఆ మర్నాటి నుంచి గడువు పెట్టింది. కూత వినపడ్డ నలభై నిమిషాలకు, అంటే అందరికన్నా ముందు దిగి నేరుగా ఇంటికొస్తేనే అందేట్టు, ట్రే బయటికి తీస్తుంది, అప్పటికి అతను కుర్చీలో లేకపోతే అది పక్కింటికి పోతుంది. ఆ తర్వాత అతను లారీ నడిపిన పదిహేడేళ్లలో పక్కింటివాళ్లు తిన్నది నాలుగుసార్లు.