బావ కొలతకు కట్టిన రంపం స్టాండు

మళ్లీ పనిలోకి రమ్మన్న నా కబురుకు ఇంతవరకూ జవాబు రాలేదు. అక్కతో చెప్పి పంపాను, ఫోన్ చేశాను, చివరికి వీడియో కూడా పంపాను. వీడియో కింద నీలం టిక్కులు పడ్డాయి కాబట్టి బావ చూశాడనే అర్థం. చూసి ఊరుకున్నాడు. ఊరుకోవడం అతనికి కొత్త కాదు. మా షెడ్డు వదిలిపెట్టిన రోజు కూడా అంతే. తన చిత్రిక, ఉలులు సంచిలో వేసుకుని స్కూటర్ ఎక్కి షామీర్‌పేట వైపు వెళ్లిపోయాడు. పోతున్నానని ఒక్క మాట అనలేదు. నేను చేతిలో చెక్క పలక పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను.

షెడ్డు మేడ్చల్ నుంచి గౌడవెల్లి పోయే దారిలో ఉంది. పైన రేకులు, రోడ్డు వైపు గోడ లేదు, మధ్యలో రంపం మిషన్. అక్క పెళ్లయిన కొత్తలోనే బావ నాతో పనిలోకి వచ్చాడు. పలకను నేను ఇటు నుంచి తోసేవాణ్ణి, అతను అటు నుంచి అందుకునేవాడు. మిషన్ మోతలో మాట వినిపించదు. కనుబొమ్మ ఎగరేస్తే ఆగాలి, గడ్డం ఊపితే తొయ్యాలి. టేకు పలకను నిలువునా కోసేటప్పుడు కోసిన సందు ఒక్కోసారి మళ్లీ మూసుకుపోయి బ్లేడును పట్టేస్తుంది. అప్పుడు పలక మనిషి మీదికి ఎగిరి తంతుంది. అలా మూసుకోబోయే ముందే బావ ఆ సందులో చిన్న చెక్కముక్క దూర్చేవాడు. ఎప్పుడు దూర్చాలో నేను చెప్పిందీ లేదు, అతను అడిగిందీ లేదు.

సాయంత్రం మిషన్ ఆపాక ఒకరి వీపు మీది రంపపు పొట్టును ఒకరం తువ్వాలతో దులుపుకునేవాళ్లం. అతను కావాలనే గట్టిగా కొట్టేవాడు.

"పొట్టు దులుపుతున్నవా, పగ దీర్చుకుంటున్నవా బావా?"

"పొద్దుగాల మీ అక్క వెట్టిన ఉప్మా మీది కోపంరా. గామెను అనలేను, నువ్వన్న దొరికినవ్."

టేకు పొట్టు బరువుగా ఉంటుంది, కిందనే పడుతుంది. చుట్టూ కాలనీలు లేచి వంటింటి అరల పని పెరిగాక మేం చెక్కపొడిని నొక్కి చేసే బోర్డులు కోయడం మొదలుపెట్టాం. వాటి పొడి పిండిలా గాలిలోనే తేలుతుంది. బావకు దగ్గు పట్టుకుంది. "గీ పొడికి ఏమన్న జెయ్యిరా" అనేవాడు. "జేద్దాం తీ బావా" అనేవాణ్ణి. చెయ్యనని నేను ఎన్నడూ అనలేదు. చేద్దామంటే చెయ్యడమే కదా. ఆ మాత్రం ఆగలేకపోయాడు. షామీర్‌పేటలో పొడిని లాగేసే పెద్ద యంత్రాలున్న ఫర్నిచర్ కార్ఖానాలో చేరిపోయాడు.

సరే, చేరాడు. బోనాల నాడు అక్క ఇంటికి భోజనానికి పోతే, చుట్టాలందరి ముందూ ఏమన్నాడు?

"మా బామ్మర్ది షెడ్డుల చాయ్ దాగితే అండ్ల చక్కెరేదో పొట్టేదో తెల్వది."

అందరూ నవ్వారు. కూర వడ్డిస్తున్న మనిషి కూడా గరిటె ఆపి మరీ నవ్వాడు. ఆ చాయ్ ఇన్నేళ్లు తాగింది ఎవరు? ఇంకో గ్లాసు పొయ్యమని అడిగి మరీ తాగింది ఎవరు? ఆ రోజు నన్నెవరూ అడగలేదు, అందుకని ఇప్పుడు చెబుతున్నాను.

అయినా ఆ రోజే, చేతులు కడుక్కునే చోట అతని పక్కన నిలబడి కొలత తీసుకున్నాను. బావ పొడుగు మనిషి, నేను పొట్టి. మిషన్‌ను నిలబెట్టిన పాత స్టాండు నా కొలతకు చేసింది. దాని మీద అతను వంగి వంగి పనిచేసి సాయంత్రానికి నడుం పట్టుకునేవాడు. అతని బెల్టు నా చొక్కాకు కింది నుంచి మూడో గుండీ దగ్గరికి వచ్చింది. అతను ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతున్నాడు, గమనించలేదు. నేను అదే చొక్కాతో నేరుగా షెడ్డుకు వచ్చి, గోడకు ఆనుకుని నిలబడి, ఆ గుండీ ఎత్తున పెన్సిల్‌తో గీత గీశాను.

ఆ గీతను బట్టి కొత్త స్టాండుకు కాళ్లు కోయించాను. మేడ్చల్‌లో చదరపు ఇనుప పైపులు కొని వెల్డింగ్ పెట్టించాను. మిషన్ కింద రేకుతో గరాటులాంటి పెట్టె, దానికి పైపు, పైపు చివర మూత బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ము, డ్రమ్ము అవతల పొడిని పీల్చే మోటారు. పొట్టంతా డ్రమ్ములో దిగిపోవాలి. ఎక్కడా బయటికి రాకూడదని పెట్టెకున్న ప్రతి సందూ మూసేశాను. స్విచ్చి వేసి ఒక బోర్డు తోస్తే మోటారు కీచుమని అరిచింది, డ్రమ్ము పక్కలు లోపలికి సొట్టపోయాయి, పొడి మాత్రం బ్లేడు మీది నుంచి లేచి నా మొహానికే కొట్టింది.

అప్పుడే అక్క వచ్చింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, వంగి ఆ పెట్టెను చుట్టూ చూసింది.

"ఏందిరా గిది? గాలి వోయెతందుకు బొక్కనే లేదు. కట్టెల పొయ్యికి సుత జాగ ఇడుస్తం గదా."

"నీకు మిషన్ల సంగతి తెల్వదక్కా."

"నాకు తెల్వది, మీ బావకు తెల్వది, నీ ఒక్కనికే ఎరుక. గందుకే మొకమంత పిండి గొట్టుకున్నవ్."

ఆమె వెళ్లాక పెట్టె పక్కన అరచేయంత కంత కోశాను. ఈసారి పొడి గరగరమంటూ పైపులోకి పోయింది. మిషన్ పక్కనే చాయ్ గ్లాసు పెట్టి ఒక బోర్డు పూర్తిగా కోశాను. చాయ్ మీద ఏమీ తేలలేదు. స్టాండంతా చూపించి, చివర ఆ గ్లాసును దగ్గరగా వీడియో తీసి బావకు పంపాను. నేను నిలబడే పీటను మాత్రం అందులో రానివ్వలేదు.

అవును, ఇప్పుడు పీట మీద నిలబడే పనిచేస్తున్నాను. అవతలి వైపు పలకను అందుకోవడానికి ఒక రోలరు పెట్టాను. అది బరువు మోస్తుంది, అంతే. మొన్న టేకు పలక సగంలో బ్లేడును పట్టేసింది. నేను తలెత్తి అటు చూశాను. రోలరు, దాని వెనక రోడ్డు, రోడ్డు మీద ఫ్యాక్టరీల పని ముగించుకుని గౌడవెల్లికి తిరిగిపోతున్న బండ్లు. స్విచ్చి ఆపి, పీట దిగి, చుట్టూ తిరిగి వెళ్లి ఆ చెక్కముక్క నేనే దూర్చి వచ్చాను. సాయంత్రం తువ్వాల చేతిలోకి తీసుకుంటే దులపడానికి వీపు మీద పొట్టు కూడా లేదు.

నిన్న అక్క ఫోన్ చేసింది.

"మీ బావ ఆ వీడియో మల్ల మల్ల సూస్తుండు. 'గింతెత్తు ఎందుకు గట్టిండు వాడు, వానికి అందుతదా' అని నన్నడుగుతుండు."

"నన్నే అడుగుమను."

"మీ ఇద్దరి నడుమ నేనేమన్న పోస్టు డబ్బనారా? మీరు మీరు మాట్లాడుకోండ్రి" అని పెట్టేసింది.

బావా, అందుకే నేరుగా నిన్నే అడుగుతున్నాను. అది ఎవరి ఎత్తో ఈపాటికి నీకు తెలిసే ఉంటుంది. వస్తావా, రావా? వస్తానంటే ఆ రోలరు ఈ రోజే తీసేస్తాను. రానంటే ఆ మాటే చెప్పు, కాళ్లు కోయించి స్టాండును నా కొలతకు దించుకుంటాను. నువ్వు చెప్పేదాకా పీట మీదే నిలబడతాను. అక్కతో చెప్పి పంపకు. నాకు నీ నోటితో నువ్వే జవాబు చెప్పు.