సబా కాళ్లకు పట్టే పడవ

సబాతో మాట్లాడాలంటే చిలకలపూడిలో ఎవరైనా తలెత్తాల్సిందే. ఆరడుగుల మీద రెండంగుళాల పిల్ల. పైన గాలి బాగా వస్తోందా అని అడగనివాడు ఆ వీధిలో లేడు. ఆ పిల్ల నవ్వి ఊరుకుంటుంది. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. నేను బందరు బళ్లో డ్రిల్లు మాస్టర్ని, పేరు దయానందం. సబాకి తెడ్డు పట్టడం నేర్పింది నేనే.

ఆదివారాలు బస్సెక్కి అవనిగడ్డ వెళ్లి, కృష్ణలో కయాక్ వేసేవాళ్లం. కయాక్ అంటే ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి పడవ. మా దగ్గర నీళ్లకు పరుగు తెలియదు. అలాంటి చోట నేర్చుకున్న పిల్ల రాష్ట్ర పోటీల్లో గెలిచింది. ఆ చేతుల పొడుగు చూసి, ఉత్తరాదిలో కొండ నది మీద జరిగే జాతీయ ఎంపికకు పిలిచారు. రాళ్ల మధ్య దూకే నీళ్లు అవి. వచ్చే వారమే ఎంపిక. పడవ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలన్నారు.

తంటా అంతా అక్కడే. మేం ఇక్కడ వేసేవి పైన తెరిచి ఉండేవి. కొండ నది పడవలో కాళ్లు ముందుకు చాపి లోపలికి దూర్చాలి. మోకాళ్లు పట్టకపోతే కూర్చోలేం. బలవంతంగా ఇరికించుకుంటే, పడవ బోర్లా పడినప్పుడు బయటికి రాలేం. రాష్ట్ర పోటీలు పెట్టే సంఘం వాళ్ల దగ్గరున్న ఆడపిల్లల పడవలో సబా తొడల దాకా కూడా దిగలేదు. అమ్మేవాడికి ఫోన్ చేస్తే, మీ అబ్బాయి ఎంత పొడుగని అడిగాడు. అమ్మాయని చెప్పాను. ఆడవాళ్లకు ఆ సైజు రాదండీ అని పెట్టేశాడు. దివిసీమలో నావలు కట్టే రత్తయ్యను అడిగితే, ఎన్ని బస్తాలు మొయ్యాలన్నాడు.

చివరికి విశాఖపట్నం నుంచి గిరీష్ అనే ఆయన, కొండ నదుల్లో తిరిగినవాడు, తన పాత పడవను లారీ మీద పంపాడు. పెద్దదే. అయినా మోకాళ్ల దగ్గర నాలుగు వేళ్లంత చోటు చాలలేదు. ఫోన్‌లో చెబితే ఆయన నవ్వాడు. సీటు వెనక్కి జరపొచ్చు, ఆదివారం పనిముట్లతో నేనే వస్తానన్నాడు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

సబా నాన్న సైఫుల్లా రోల్డుగోల్డు గాజులు చేస్తాడు. బజార్లో కొన్న గాజు సబా చేతికి ఏనాడూ ఎక్కలేదు. చిన్నప్పటి నుంచీ ఆ పిల్ల గాజుల్ని, పూత వెయ్యకముందే మంట చూపించి, కోసుగా చెక్కిన కర్రకు తొడిగి, మెల్లగా సాగదీసి ఇచ్చేవాడు. దేవుడు పిల్లని పెద్దగా ఇచ్చాడు, వస్తువులు చిన్నగా చేసింది మనుషులేగా అనేవాడు.

శనివారం సబా పరీక్ష రాయడానికి గుడివాడ వెళ్లింది. సైఫుల్లా ఆదివారం దాకా ఆగలేదు.

సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లేసరికి పడవ వాకిట్లో ఉంది. గ్యాస్ మంటతో ప్లాస్టిక్‌ను మెత్తబరిచి, లోపల కొయ్య దుంగ దూర్చి సాగదీశాడు. అంచులు ఆకురాయితో నున్నగా రుద్దాడు కూడా. ఎంత పనితనమో! పడవ ముక్కు ఎడమకు తిరిగిపోయింది. సాగినచోట గోడ పల్చబడి, నొక్కితే వేలు లోపలికి పోతోంది. రాయి తగిలితే చీలిపోతుంది. వారంలోపు ఇంకో పడవ ఎక్కణ్ణుంచి తేను? కోపం తన్నుకొచ్చింది. సైఫుల్లా అరచేతుల నిండా బొబ్బలు చూశాక, ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

అప్పుడే బస్సు దిగి వచ్చింది సబా. సంచి కింద పెట్టి, పడవ చుట్టూ తిరిగి, పక్కన బొటనవేలితో ఒకసారి నొక్కింది. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. పడవలోకి దిగి కాళ్లు చాపింది. మోకాళ్లు హాయిగా పట్టాయి. ఆ పిల్ల పూర్తిగా పట్టిన మొదటి పడవ అదే.

"సరిపోయిందా అమ్మా?" అన్నాడు సైఫుల్లా.

"సరిపోయింది నాన్నా."

ఆయన ముఖం వెలిగిపోయింది. భార్య నాగూర్ బీని కేకేసి, వచ్చి చూడమన్నాడు. రేపే అవనిగడ్డ తీసుకెళ్లి నీళ్లలో దింపుదామా మాస్టారూ అని నన్నడిగాడు.

నాగూర్ బీ టీ తెచ్చింది. చీకటి పడింది, లోపలికి రమ్మంది. సబా పడవలోనే కూర్చుని టీ తాగింది. గ్లాసు ఖాళీ అయినా లేవలేదు. లేస్తే నాన్నకు నిజం చెప్పాలి.