నా కోటు వెరోనా వెళ్ళింది

నేను వెరోనా చూడలేదు. ఈ మాట మొదటే రాసేస్తున్నాను. ఎందుకంటే ఎనభైల చివర్లో ఒకసారి, కొన్ని నెలలపాటు, మా ఆవిడా ఆమె అక్కా మా వీధిలో సగం మందీ నేను ఆ ఊరు చూసి వచ్చాననే అనుకున్నారు. అలా అనుకునేలా రాసింది నేనే.

అప్పుడు నేను ఒమాన్‌లో, అల్ ఖౌద్ దగ్గర, ఇళ్ళు కట్టే ఒక చిన్న కంపెనీలో స్టోర్ కీపర్‌ని. మా యజమానిని అందరం అర్బాబ్ అనేవాళ్ళం. ఆయన సొంతానికి కట్టుకుంటున్న ఇంటికి నేలంతా ఇటలీ పాలరాయి పరవాలని ముచ్చటపడ్డాడు. వెరోనాలోని ఒక రాళ్ళ వ్యాపారితో ఆరు నెలలు టెలెక్స్‌లు నడిపింది నేను. వచ్చిన శాంపిల్ ముక్కలకు వెనకవైపు నంబర్లు వేసి అట్టపెట్టెలో వరసగా పేర్చింది నేను. ఆ వ్యాపారి ఒకసారి తన ఊరి గురించి రంగుల బొమ్మల పుస్తకం పంపితే, దానికి అట్ట వేసుకున్నాను. నది ఊరిని ఎలా చుట్టి వెళ్తుందో, ఏ వంతెన తర్వాత ఏ వంతెన వస్తుందో డైరీలో పటం గీసుకున్నాను. ఆ ఊళ్ళో నన్ను ఎక్కడ వదిలిపెట్టినా స్టేషన్‌కి దారి చెప్పగలిగే స్థితికి వచ్చాను.

రాయి చూసి ఖాయం చేయడానికి అర్బాబ్ తనతో ఒక మనిషిని తీసుకెళ్తాడని ఆఫీసులో అన్నారు. ఆ మనిషి ఎవరని నేను అడగనే లేదు. శుక్రవారం మత్రా బజారుకి వెళ్ళి బూడిదరంగు ఉన్ని కోటు కొన్నాను. ఆ ఎండల్లో ఉన్ని కోటు తొడిగి చూసుకుంటున్న నన్ను చూసి గుజరాతీ షాపతను నవ్వాపుకోలేక, "ఎక్కడికి సేఠ్?" అని హిందీలో అడిగాడు. ఇటలీకి అన్నాను. అదే సాయంత్రం మా ఆవిడకి కూడా రాసి పోస్టులో వేశాను.

తర్వాతి వారం అర్బాబ్ స్టోర్‌కి వచ్చాడు. వెనకాలే మా రాళ్ళ మేస్త్రీ. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. సంతకం తప్ప చదువు లేదు. అర్బాబ్ శాంపిల్స్ బల్ల మీద పెట్టించాడు. మేస్త్రీ తడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడిచాడు, సుత్తి కర్రతో మెల్లగా కొట్టి చెవి పెట్టాడు. రెండో నంబరు ముక్కను పక్కకు తోసి, ఒకచోట వేలు పెట్టి, "లోపల పగులున్నది" అన్నాడు. నాకేమీ కనిపించలేదు. అర్బాబ్ ఆ ముక్కను నేలకేసి కొట్టాడు. మేస్త్రీ వేలు పెట్టిన చోటే విరిగింది.

"తుమ్ కాగజ్ దేఖ్తా, యే పత్థర్ దేఖ్తా," అన్నాడు అర్బాబ్ నాతో. నువ్వు కాగితం చూస్తావు, ఇతను రాయి చూస్తాడు. వెళ్తూ వెళ్తూ తలుపు వెనక తగిలించిన కోటు చూసి, దాన్ని మేస్త్రీకి ఇవ్వమన్నాడు.

మేస్త్రీ వీసా ఫారం నింపింది కూడా నేనే. వృత్తి అనే గడి దగ్గర చాలాసేపు ఆగాను. చివరికి రాళ్ళ నిపుణుడు అని ఇంగ్లీషులో రాశాను. ఆ రోజు డైరీలో కడుపునొప్పి అని ఉంది. నాకు కడుపునొప్పి లేదు.

అతను ఆరు రోజులకు తిరిగి వచ్చాడు. మాది నలుగురి రూమ్. మిగతా ముగ్గురు, అంటే మేస్త్రీ, ఒక ప్లంబర్, ఒక పెయింటర్, జగిత్యాల వైపువాళ్ళే, కృష్ణా జిల్లావాణ్ణి నేనొక్కణ్ణే. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ అతని చుట్టూ చేరారు. నేను నా మంచం మీద డైరీ మోకాలిపై పెట్టుకుని, వినడం లేదన్నట్టు కూర్చున్నాను.

"ఏం జూసినవే ఇటలీల?" అన్నాడు ప్లంబర్.

"ముందుగాల తిండి ముచ్చట చెప్త. పెద్ద హోటలు. తెల్లగుడ్డ పర్సిన బల్ల. మెరిసే చెంచాలు. ఏం దెచ్చి పెట్టిండ్రనుకున్నవ్? మక్క గటుక!"

రూమ్ గొల్లుమంది. గటుక అంటే వాళ్ళ వైపు మొక్కజొన్న రవ్వతో కాచే జావ. "థూ! గటుక తిననీకి గంత దూరం బోయినవా? మా ఇంటికి పోతే మా అవ్వ పెడ్తుండె గద!" అన్నాడు ప్లంబర్.

"నిజంరా. అచ్చం మా అవ్వ చేసినట్టే ఉన్నది. సల్ల ఒక్కటే తక్కువ."

"మరి ఊరు?"

"ఊరంత గులాబిరంగు రాయి సారూ," అన్నాడు మేస్త్రీ, ఎందుకో నా వైపు తిరిగి. "వాన పడ్డది. తడిస్తెనే గద రాయి సంగతి తెల్సేది. వంగి చూసిన. రాళ్ళల్ల నత్తలు! గింత గింత నత్తలు, సుట్టలు సుట్టుకొని రాయైపోయినయి. ఎన్నడో అది సముద్రం కావచ్చు. ఊరోళ్ళు ఎవ్వరు చూస్తలేరు, బూట్లేసుకొని వాటి మీదికెల్లే పోతున్నరు. నేనైతె పక్కపొంటి నడిచిన."

నేను గీసుకున్న పటంలో ఏడెనిమిది వంతెనలున్నాయి. నత్తలు లేవు. పుస్తకంలోనూ లేవు. అతను వెళ్ళినందుకు అప్పటికే కుళ్ళుతున్నాను. నేను వెళ్ళి ఉంటే ఆ నత్తల్ని చూసేవాణ్ణి కాదని అప్పుడు తెలిసింది. ఈ రెండో కుళ్ళు ముందు మొదటిది ఎంత!

"ఒక ఇంటికాడికి తోల్కపోయిండు అర్బాబ్. ఎప్పటిదో ప్రేమ కథట. పిల్ల బాల్కనీల నిలవడేదట, పిలగాడు కింద. జంటలు జంటలుగ వచ్చి గోడ నిండ పేర్లు రాసిండ్రు. నేను రాయి చూసిన. ఆ బాల్కనీ ఆ ఇంటిది కాదు. యాడికెల్లో రాయి దెచ్చి అతికిచ్చిండ్రు, సందు చూస్తె ఎరుకైతది. అర్బాబ్ సంబురంగ ఫోటో దిగుతుండె, ఇగ చెప్పలే."

"నువ్వు గూడ వదినె పేరు రాయకపోయినవా?" అన్నాడు పెయింటర్.

"నాకు రాయస్తదారా?" అని నవ్వాడు. తర్వాత నేల వైపు చూస్తూ, "రెండు గీతలు గీసిన. గోటితోని. ఒకటి నేను, ఒకటి ఆమె," అన్నాడు.

రూమ్‌లో అందరి ఉత్తరాలూ నేనే రాసేవాణ్ణి. ఆ సాయంత్రం మేస్త్రీ కోటు మడతపెట్టి తెచ్చిచ్చి, తన భార్యకి ఇదంతా రాయమన్నాడు. మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు, గంటసేపు. నా కలం ఆగకుండా నడిచింది, కానీ డైరీలో. అతని ఉత్తరంలో నేను రాసింది నాలుగు వాక్యాలు: ఇటలీ పోయి క్షేమంగా వచ్చితిని. చలి ఎక్కువ. ఊరు బాగున్నది. రాయి పని అయినది. అతను కింద సంతకం పెట్టి, "మంచిగ రాసిండ్రు సారూ," అన్నాడు.

మిగతాదంతా మా ఆవిడకి రాశాను. తడిసిన రాయి, నత్తలు, పక్కనుంచి నడవడం, అమ్మ చేసినట్టే ఉన్న మొక్కజొన్న జావ. బాల్కనీ రాయి అతుకు సంగతి వదిలేశాను. రెండు గీతల దగ్గర మాత్రం కొంచెం మార్చి, ఆ గోడ మీద మన ఇద్దరి పేర్లూ రాశానని రాశాను. కోటు జేబులో దొరికిన బస్సు టికెట్టు డైరీలో జిగురుతో అంటించాను.

మా ఆవిడ జవాబు నెలలోపే వచ్చింది. "ఇన్నేళ్ళలో మీరిలా ఎప్పుడూ రాయలేదు. మీ ఉత్తరాల్లో తారీఖు, ఎండ, ఆరోగ్యం ఉండేవి. ఇందులో మీరున్నారు. మన పేర్ల సంగతి చదివి అక్కకి చూపించకుండా ఉండలేకపోయాను. ఒక్కటే అర్థం కాలేదు. మీ అమ్మగారు మొక్కజొన్న జావ ఎప్పుడు కాచారండీ?"

ఇందులో మీరున్నారు. ఆ వాక్యం దగ్గర ఎన్నిసార్లు ఆగానో! నా భార్య మెచ్చుకున్న మనిషి పక్క మంచం మీద గురక పెడుతున్నాడు.

తర్వాతి వారం మేస్త్రీకి ఉత్తరం వచ్చింది, వాళ్ళ ఊరి పంతులమ్మ చేతిరాతలో. చదివి వినిపించాల్సింది నేనే. "ఇటలీ పోయినవని ఊరందరికి చెప్పిన. ఏమేం చూసిండని అడుగుతున్నరు. బాగున్నది అని రాస్తివి. ఏం బాగున్నదో రాయకపోతివి. నాకు చెప్పబుద్ది కాలేదా?"

మేస్త్రీ నా మొహంలోకి చూశాడు. "నత్తల ముచ్చట రాయలేదా సారూ?"

"మర్చిపోయుంటాను."

"మీరా?" అన్నాడు. అందులో వెటకారం లేదు, ఆశ్చర్యమే. "సబ్బుబిళ్ళ ఎన్నడు విప్పినమో గూడ డైరీల రాసే మనిషి. మీరు మర్చిపోతరా?"

డైరీ తీసి, ఆ శుక్రవారం పేజీ తెరిచి చదవడం మొదలుపెట్టాను. అతని మాటలే, ఒక్కటీ పోకుండా. అంటించిన టికెట్టు చూశాడు. దాన్ని వేలితో తడిమాడు. అంతా విన్నాక, "ఉన్నది గద. గదే రాయుండ్రి," అన్నాడు. నన్ను ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది. ఎనిమిది పేజీలు రాశాను. గటుకని గటుక అనే రాశాను. రెండు గీతల దగ్గర నా చెయ్యి ఆగితే, అతను వంగి చూసి, "గక్కడ రెండు గీతలు గీయుండ్రి, ఆమెకు గూడ చదువు రాదు," అన్నాడు. గీశాను.

ఆ ఎండాకాలం సెలవుకి ఇంటికి వెళ్ళాను. మొదటి రోజే భోజనం దగ్గర మా ఆవిడ మళ్ళీ మొక్కజొన్న జావ సంగతి ఎత్తింది. అబద్ధం ఇంకొకటి చెప్పే ఓపిక లేక మొత్తం చెప్పేశాను. ఆమె మజ్జిగ గిన్నె పట్టుకుని అలాగే వింది.

"అయితే గోడ మీద మన పేర్లు?"

"లేవు. రెండు గీతలున్నాయి. అవి వాళ్ళవి."

మజ్జిగ పోసింది. గిన్నె కింద పెట్టి, "వాళ్ళావిడకి అదంతా రాశారా?" అంది.

"రాశాను. రెండోసారి."

"పోనీలెండి," అంది. ఆ నెలంతా వెరోనా పేరు మా ఇంట్లో వినపడలేదు.

తొంభైల్లో అర్బాబ్ ఇంకో ఇల్లు మొదలుపెట్టి, ఈసారి నన్ను రమ్మన్నాడు. ఒంట్లో బాగాలేదని చెప్పాను. వెళ్తే నాకు వంతెనలే కనిపిస్తాయేమోనని భయం. మేస్త్రీయే వెళ్ళాడు, అదే కోటు వేసుకుని. ఈసారి దాన్ని నేను తిరిగి తీసుకోలేదు.

రిటైరయ్యాక నా ఉత్తరాల కట్ట మా ఆవిడ దగ్గర తీసుకుని తారీఖుల వరసలో పెట్టాను. ఎండ, ఆరోగ్యం, ఎండ. ఆ ఒక్క ఉత్తరం కట్టలో లేదు. ఎక్కడుందని నేను అడగలేదు. చింపేసిందనుకుని కొన్నాళ్ళు సర్దుకున్నాను.

మొన్న వాన పడి వెలిసింది. మా గుమ్మం ముందు పాత నాపరాయి తడిసి నల్లగా మెరుస్తోంది. పాలపాకెట్టు తేవడానికి వెళ్ళిన మనిషి ఎంతకీ లోపలికి రాకపోతే కిటికీలోంచి చూశాను. మా ఆవిడ నడుం పట్టుకుని వంగి, ఆ రాయిని పరిశీలనగా చూస్తోంది. తర్వాత లేచి, దాని మీద కాలు పెట్టకుండా పక్కనుంచి నడిచి లోపలికి వచ్చింది.