పొత్తిగుడ్డల్లో కలరా ఉండలు

శుభ్రత గురించి మాట్లాడే హక్కు మా ఇంట్లో నాకొక్కదానికే ఉందని చాలా ఏళ్లు అనుకున్నాను. నంద్యాలలో టీచరు ఉద్యోగం దొరికిన మొదటి ఏడాదే ఆ గీర పట్టుకుంది. వారమంతా బడిలో పిల్లల గోళ్లు, చెవులు, చొక్కా కాలర్లు చూసేదాన్ని. శనివారం సాయంత్రం బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగి, ఇంట్లో కాలు పెట్టగానే అమ్మ వంటింటికి మార్కులు వేసేదాన్ని. అమ్మ ఊరుకునే మనిషి కాదు. "వచ్చింది సూడు ఇన్‌స్పెక్టరమ్మ" అనేది నాయన వినేట్టు. నాయన కూడా ప్రైమరీ బడి పంతులే. ఇద్దరి మధ్యా దూరడం ఎందుకని పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

కలరా ఉండలు మా ఇంటికి తెచ్చింది నేనే. డెబ్బైల మొదట్లో నంద్యాల బజారులో ఏ అంగట్లో అడిగినా పొట్లం కట్టి ఇచ్చేవాళ్లు. తెల్లగా, గుండ్రంగా, మూత తీస్తే ముక్కు అదిరే వాసన. వాటికీ కలరాకూ ఏ సంబంధమూ లేదని ఇప్పుడు తెలుసు. అప్పట్లో ఆ పేరు వల్లనో ఏమో, అవి ఉన్న ఇంట్లోకి రోగం రాదని అందరూ నమ్మేవాళ్లు. చదువుకున్నదాన్ని, నేనూ నమ్మాను. అంతకుముందు అమ్మ బట్టల పెట్టెలో ఎండిన వేపాకు వేసేది. నెలకో రెండు నెలలకో బట్టలన్నీ తీసి చాప మీద ఎండకేసి, కొత్త ఆకు వేసి మళ్లీ సర్దేది. చీర దులిపితే ఆకు పొడి రాలేది. ఒకసారి చర్చిలో నా జాకెట్టు మీద వేపాకు ముక్క అంటుకుని కనిపించేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఆకంతా చెత్తలో పారబోసి, ప్రతి పెట్టెలోనూ ఉండలు వేశాను.

నాకు ఒక్కతే చెల్లెలు. ఆరేళ్లు చిన్నది. దాన్ని దొర్నిపాడు దగ్గర సేద్యం చేసుకునే కుటుంబంలో ఇచ్చాం. తొలికాన్పుకు ఏడో నెలలో అమ్మ వెళ్లి పిల్చుకొచ్చింది. వాళ్లత్త ఒప్పుకోలేదు మొదట. "మీ ఇంటి పక్కనే రాళ్లు కొట్టే పాక. ఆ మోతలో బాలింత ఎట్లా పండుకుంటాది? ఈడ్నే ఉండనీ" అంది. అమ్మ వినలేదు. తొలి కాన్పు పుట్టింట్లో జరగకపోతే నలుగురిలో తలెత్తుకోలేనని పట్టుబట్టింది.

వాళ్లత్త అన్నది నిజమే. మా గోడకు ఆనుకునే శిల్పాలు చెక్కే ఆచారి పాక ఉండేది. ఆయనా, ఆయన కొడుకులూ తెల్లారినప్పటి నుంచి పొద్దుగూకే దాకా ఉలీ సుత్తీ ఆడిస్తూనే ఉండేవాళ్లు. మేము పుట్టిందీ పెరిగిందీ ఆ చప్పుడులోనే. ఒక్కరోజు అది ఆగితే ఆచారి ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అమ్మ పోయి పలకరించి వచ్చేది. ఆచారి భార్యా అమ్మా గోడ మీదుగా కూర గిన్నెలు అందించుకోని దినం ఉండేది కాదు.

మా వైపు పుట్టిన బిడ్డకు కొత్త బట్ట తగలనివ్వరు. బాగా బతికిన పెద్దవాళ్లు కట్టి కట్టి మెత్తబడ్డ బట్టనే పొత్తిగుడ్డలుగా వాడతారు. ఆ మనిషి ఆయుష్షు బిడ్డకు వస్తుందని చెప్పుకుంటారు. చర్చికి పోయే వాళ్లమే అయినా మేమూ దాన్ని వదల్లేదు. ఎనభై దాటి బతికిన మా అవ్వవి రెండు నూలు చీరలు, నాయనవి పాత పంచెలు తీశారు. ఆ పని నేను చేస్తానన్నాను. చింపి, ఉడకబెట్టి, ఉతికి, ఇస్త్రీ చేసి, ట్రంకు పెట్టెలో సర్దాను. పుట్టబోయే బిడ్డ కదా, దోమా చీమా బొద్దింకా దగ్గరికి రాకూడదని ఒక్కో వరుసకు నాలుగేసి కలరా ఉండలు పెట్టాను. ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిదనే నా లెక్క. పెట్టె మూసి రెండు నెలలు తెరవలేదు.

చెల్లెలు ముసురు పట్టిన వారంలో ప్రసవించింది. మగపిల్లాడు. నర్సమ్మ ఇంటికే వచ్చి పురుడు పోసింది. నేను గొప్పగా పెట్టె తెరిచేసరికి ఆ వాసనకు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందే ఈ వాసన? నాకే తల తిరుగుతాంది. ఒక దినం గాలికెయ్యి."

"యాడ ఏసేదిమా? మూడు దినాల్నించి వాన. అంతా ఉడకబెట్టి ఉతికినవే."

"అయితే పొయ్యి కాడన్నా ఆరబెట్టు. పసిబిడ్డ ముక్కుకు ఈ ఘాటేంది?"

"పొయ్యి పొగ మంచిదా? నీ వేపాకు మంచిదా? ఆస్పత్రిలో గూడా ఇట్లాంటి వాసనే ఉంటాది. దాన్నే శుభ్రమంటారు."

చెల్లెలు మంచం మీది నుంచి, "అక్కకు తెలుసులేమా" అంది. బిడ్డను నేనే పొత్తిగుడ్డలో చుట్టాను.

పది రోజులు సెలవు పెట్టి వచ్చాను కాబట్టి వాడి పని అంతా నాదే. తడిస్తే మార్చడం, మళ్లీ చుట్టడం. ముద్దు పెట్టుకుంటే వాడి నెత్తి కూడా కలరా ఉండల వాసనే వచ్చేది. నాకు అది ఇష్టంగా ఉండేది కూడా. మూడో రోజుకు కళ్లలో పచ్చదనం కనిపించింది. పసిబిడ్డలకు మామూలే, లేత ఎండ చూపించండి అని చెప్పింది నర్సమ్మ. ఎండ ఎక్కడిది? చలికి వణుకుతాడని నేను ఇంకో గుడ్డ ఎక్కువ చుట్టాను. ఐదో రోజుకు అరికాళ్ల దాకా పసుపు రాసినట్టు అయింది. పాలు తాగడం మానేశాడు. ఆ మధ్యాహ్నం మెడ వెనక్కి విరిచి ఒక ఏడుపు ఏడ్చాడు. సన్నగా, కీచుగా, పసిబిడ్డ ఏడుపులా లేదు. అందరం బస్సెక్కి నంద్యాల ఆసుపత్రికి పరిగెత్తాం. పోతూ పోతూ నేను పెట్టెలోంచి ఇంకో మూట పొత్తిగుడ్డలు తీసి చంకన పెట్టుకున్నాను. ఆ పని తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు నాకే నచ్చవు. ఆసుపత్రిలో ఫినాయిలు వాసనలో మా వాసన కలిసిపోయింది. ఎవరూ ఏమీ అడగలేదు.

పిల్లాడు బతికాడు. పదకొండో రోజున ఇంటికి తెచ్చుకున్నాం. నాయన ప్రార్థన పెట్టించాడు. అందరం ఏడ్చి, నవ్వి, గండం గడిచిందనుకున్నాం.

వాడు ఎంత బుద్ధిమంతుడని మురిసిపోయామో చెప్పలేను. పక్కన రాళ్లు పగులుతున్నా కదలకుండా నిద్రపోయేవాడు. "ఆచారి మోతకు అలవాటు పడినాడు, మన ఇంటి బిడ్డే" అనేది అమ్మ. పది నెలలప్పుడు చెల్లెలు వాణ్ణి తీసుకుని పండక్కి వచ్చింది. వసారాలో కూర్చోబెట్టి గరిటె ఇస్తే నేలకేసి కొడుతూ ఆడుకుంటున్నాడు. పాకలో పెద్ద రాయి ఒకటి ఫెళ్లున చీలింది. కాకులు లేచిపోయాయి. నేను ఉలిక్కిపడి టీ ఒలకబోసుకున్నాను. వాడు తలెత్తలేదు. చెల్లెలు వాడి వెనకకు పోయి చప్పట్లు కొట్టింది. పేరు పెట్టి పిలిచింది. తర్వాత అరిచింది. వాడు గరిటె నోట్లో పెట్టుకుని ఆడుకుంటూనే ఉన్నాడు.

కర్నూలు దాకా తిప్పాం. రెండు చెవులూ వినపడవన్నారు. ఎందుకు పోయాయో ఎవరూ తేల్చి చెప్పలేదు. తేల్చింది చెల్లెలి అత్త. "నిండు నెలల్లో రాళ్ల మోతలో పండబెట్టినారు. కడుపులోనే బిడ్డ చెవులు పగిలినాయి. నేను వద్దంటి కదా" అంది, మా వసారాలో నిలబడి. ఆ మాట ఊరంతా పాకింది. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. అంత మోత, చెవులు వినపడని బిడ్డ. ఎవరికీ ఇంకో కారణం వెతకాల్సిన పని లేకపోయింది.

అమ్మ ఆ మాటను మింగింది. కూతుర్ని తెచ్చుకుంటానని పట్టుబట్టింది తానే కదా. కొన్నాళ్లకు అది కోపమై ఆచారి వాళ్ల మీదికి తిరిగింది. గోడ మీదుగా వచ్చిన కూర గిన్నెను వెనక్కి పంపింది. నాయన పాక ముందు నిలబడి నాలుగు కేకలు వేశాడు. నాయన కేకలు వేయడం నేను చూసింది అదొక్కసారే. ఆచారి మా గుమ్మంలోకి వచ్చి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని అన్నాడు. "అమ్మా, నా బిడ్డలు నలుగురు ఆ మోతలోనే పుట్టినారు. మీ బిడ్డలిద్దరూ ఆడ్నే పుట్టినారు. ఎవరికన్నా చెవుడు ఉందా?" అమ్మ లోపలికి వెళ్లిపోయింది. నెల తిరక్కుండానే ఆయన పాక పీకి కడప రోడ్డు చివరకు మార్చుకున్నాడు. రోజూ అంత దూరం నడిచి పోయి వచ్చేవాడు. మా ఇంటి పక్క చప్పుడు ఆగిపోయింది. ఆయన చెప్పింది న్యాయంగానే ఉందని నాకు ఆ రోజే అనిపించింది. అయినా నోరు మెదపలేదు.

పిల్లాడికి ఐదేళ్లు నడుస్తుండగా, మా బడిలో పనిచేసే ఒకామెకు మనవడు పుడితే చూడ్డానికి నంద్యాల ఆసుపత్రికి వెళ్లాను. ఆ బిడ్డకు కామెర్లు. పెద్దాయన ఒకరు, డాక్టరు, మంచం దగ్గరికి వచ్చి బిడ్డకు చుట్టిన గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని మండిపడ్డాడు. "ఎవరమ్మా ఈ గుడ్డలు తెచ్చింది? కలరా ఉండల్లో పెట్టినవేనా? తీసెయ్యండి ముందు." కొందరు బిడ్డల రక్తం ఆ ఘాటుకు తట్టుకోలేదట. విరిగిపోతుందట. కామెర్లు ముదురుతాయట. ఉతికి ఎండలో బాగా ఆరేసి, వాసన పూర్తిగా పోయాక గానీ వాడకూడదట. నేను వరండా దాకా ఆయన వెంట పోయి అడిగాను, చెవులు పోతాయా అని. "కామెర్లు తలకెక్కితే చెవులూ పోతాయి, ప్రాణమూ పోతుంది" అన్నాడు. ఐదేళ్ల కిందటి బిడ్డ గురించి చెబితే, "ఇప్పుడు ఖచ్చితంగా ఎవరు చెప్పగలరమ్మా" అని వెళ్లిపోయాడు.

ఆ చివరి మాటనే నేను పట్టుకు వేలాడాను. ఖచ్చితంగా ఎవరూ చెప్పలేరు కదా. అయినా నాకు తెలుసు. ఆ గుడ్డ వాసన ఎంత ఘాటుగా ఉండిందో నా ముక్కుకు తెలుసు. ఇంటికి వచ్చి నా పెట్టెల్లో ఉన్న ఉండలన్నీ ఏరి పారేశాను. బడిలో తల్లులెవరైనా వస్తే చెప్పేదాన్ని, పసిబిడ్డ బట్టల్లో అవి వేయొద్దని. ఊరందరికీ చెప్పాను. ఆళ్లగడ్డ బస్సెక్కినప్పుడు మాత్రం నోరు పెగిలేది కాదు. అమ్మ ముందు నా గీర, నా టీచరు ఉద్యోగం, నా ఇస్త్రీ మడతలు. అవన్నీ పోతాయని భయం. వచ్చే వారం చెబుదాం, పండగయ్యాక చెబుదాం అనుకుంటూ రెండేళ్లు గడిపాను. ఆ రెండేళ్లూ అమ్మ వసారాలో కూర్చుని, మనవడు నోరు తెరిచి ఏదో శబ్దం చేసినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకునేది.

అమ్మ జబ్బు చేసి పోయింది. పోయిన నాలుగు నెలలకు చెల్లెలు నంద్యాలలో మా అద్దె ఇంటికి వచ్చింది. మళ్లీ నెల తప్పిందట. పిల్లాడు చాప మీద పలక పెట్టుకుని ఎద్దుబండి గీస్తున్నాడు.

"అక్కా, ఈసారి నీ కాడికే వస్తా కాన్పుకు" అంది. "ఈడ రాళ్ల మోత లేదు. నువ్వు శుభ్రంగా చూసుకుంటావు. నాకు భయముండదు."

అప్పుడు చెప్పాను. మొదటి నుంచి చివరి దాకా, డాక్టరు గుడ్డ వాసన చూసిందీ, నేను వరండాలో అడిగిందీ, అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. జుట్టు పట్టుకున్నా తప్పులేదనుకున్నాను. అది కొడుకు వైపు చూసింది.

"ఎప్పుడు తెలిసె నీకు?"

"రెండేళ్లు దాటింది."

"అంటే అమ్మ ఉన్నెప్పుడే."

"ఉన్నెప్పుడే."

చెల్లెలు లేచి కొడుకును చంకకెత్తుకుంది. ఏడేళ్ల వాణ్ణి, బరువు అని కూడా చూడకుండా.

"నాకు చెప్పకుంటే పోనీలేక్కా. అమ్మ పోయే ముందుదినం నా చెయ్యి పట్టుకోని ఏమనె? నీ బిడ్డ చెవులు నేనే తీసినానే, నన్ను తిట్టుకోవాకు అనె. నువ్వు ఆడ్నే ఉంటివి కదా."

ఉన్నాను. మంచం చివర కూర్చుని అమ్మ పాదాలు ఒత్తుతున్నాను. ఆ మాట స్పష్టంగా విన్నాను. విని, ఒత్తుతూనే ఉన్నాను.