సబ్బుతో మూసిన పెట్రోలు మూత

నా చిన్నప్పుడు మా ఇంట్లో మాటలకు కరువు. అమ్మ పోయి ఏడాది దాటింది. మిగిలింది నేనూ, మా నాయనా. ఆయన మదనపల్లెలో ఒక చింతపండు సావుకారు దగ్గర కారు డ్రైవరు. అమ్మ ఉన్నప్పుడు ఇద్దరూ ఒకటే కబుర్లు. ఆమె పోయాక ఆయన అన్నం పెట్టి "తిను" అనేవాడు, దీపం ఆర్పి "పండుకో" అనేవాడు, అంతే. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా అని నాకు ఒళ్లు మండేది. తొమ్మిదేళ్ల పిల్లని, ఎవరితో పోట్లాడను? బడి నుంచి వచ్చి గడపలో ఒక్కదాన్నే కూర్చుని, వీధి మొగలో కారు చప్పుడు వినిపిస్తుందేమోనని చెవులు రిక్కించేదాన్ని.

ఒకరోజు కారు ట్యాంకు నుంచి పెట్రోలు బొట్టుబొట్టుగా కారుతోంది. నాయన కారు కిందికి దూరి, నా చేత స్నానం సబ్బు ముక్క తెప్పించుకుని, మెత్తగా పిసికి ఆ చోట అదిమాడు. "పెట్రోలు కారితే సబ్బే మందు పాపా, పెట్రోల్లో అది కరగదు" అన్నాడు. ఆ నెల మొత్తంలో ఆయన నాతో అన్న పెద్ద మాట అదే. ఎంత మురిసిపోయానో! మర్నాడు పొద్దున కారు తుడుస్తూ పెట్రోలు మూత తిప్పి చూస్తే, దానికి సూది బెజ్జమంత రంధ్రం కనిపించింది. ముక్కు దగ్గర పెడితే గుప్పుమని వాసన. అయ్యో, నాయన దీన్ని చూసుకోలేదే అనుకుని, మిగిలిన సబ్బు పిసికి ఆ రంధ్రంలో గట్టిగా కూరేశాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది మరి. శెభాష్ అనిపించుకుందామని ఎదురుపోతే, ఆయన నా వైపు చూడకుండానే కారెక్కి వెళ్లిపోయాడు. సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం ఆయన ముఖం చూస్తే నోరు పెగల్లేదు.

ఆ రోజు నుంచే కారు నడిదారిలో ఆగిపోవడం మొదలైంది. కుప్పం పోయేటప్పుడు పుంగనూరు దాటితే చాలు, దగ్గి దగ్గి ఇంజను ఆగేది. పావుగంట ఊరుకుంటే ఏమీ ఎరగనట్టు మళ్లీ కదిలేది. ప్లగ్గులు తుడిచారు, కార్బురేటరు విప్పి కడిగారు, పంపు మార్చారు. ఏం లాభం లేదు. ఒకనాడు సావుకారు కుప్పంలో ఒక పెళ్లి ముహూర్తానికి అందుకోలేకపోయాడు. ఇంకొక్కసారి ఆగితే తాళంచెవి పెట్టేసి పొమ్మన్నాడు. ఈ సంగతి నాకు పక్కింటి అవ్వ చెప్పింది కానీ నాయన చెప్పలేదు. ఆ ఉద్యోగం పోతే మాకు పొయ్యి వెలగదు, అంతవరకు నాకూ తెలుసు. నేను పెట్టిన సబ్బుకూ దీనికీ సంబంధం ఉందని మాత్రం తోచనే లేదు.

ఆ ఆదివారం, ఇంట్లో నన్ను చూసుకునేవాళ్లు లేక, నాయన నన్నూ ఎక్కించుకుని పుంగనూరులో ఒక ముసలి మెకానిక్కు దగ్గరికి పోయాడు. ఆ తాత బానెట్ ఎత్తనేలేదు. చేతులు తుడుచుకుని బల్ల మీద కూర్చున్నాడు.

"యాడ నిలబడతాదో అందురూ చెప్తారప్పా. ఎప్పుడు నిలబడదో అది చెప్పు."

నాయన కారు ఆగని చోట్లు వేళ్లు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "పెట్రోలు పోయించినాక కొంచేపు బాగా పోతాది మామా."

తాత ఇంకేమీ అడగకుండా కారెక్కాడు. పలమనేరు రోడ్డులో కొంతదూరం పోయాక కారు ఎప్పటిలాగే దగ్గి ఆగింది. నాయన ముందుకు పరిగెత్తాడు. తాత మాత్రం నింపాదిగా వెనక్కి నడిచి పెట్రోలు మూత తిప్పాడు. ఉస్సుమని లోపలికి గాలి లాక్కున్న చప్పుడు నాకు కూడా వినిపించింది. మూత తీసిపెట్టి స్టార్ట్ చేయమంటే, ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

తాత సన్న తీగతో మూత రంధ్రంలో పొడిచాడు. తెల్లటి ముద్ద బయటికి వచ్చింది. "పెట్రోలు బయటికి పోవాలంటే లోపలికి గాలి రావాల గదప్పా. ఈ బెజ్జం మూసేస్తే ట్యాంకు నిండా ఉండినా ఇంజనుకు చుక్క అందదు. ఎవురు పెట్టిండేది దీన్ని?"

అది నేను కూరిన సబ్బే. నాయన ఆ ముద్ద వాసన చూసి తల వంచుకున్నాడు. "ట్యాంకుకు సబ్బు పూసింది నేనే మామా. చెయ్యి తగిలి అంటుకునింటాది. తప్పు నాదేనని సావుకారుకు చెప్పి తాళంచెవి ఇచ్చేస్తా" అన్నాడు.

నోరు మూసుకుని ఉంటే నేను గట్టెక్కేదాన్ని. కానీ చేయని తప్పుకు ఆయన తల వంచుకుంటే నేను చూడలేకపోయాను. "నేనే నాయనా, నేనే పెట్టినా" అని భోరుమన్నాను.

"యాల చెప్పలేదు పాపా?"

"నువ్వు మాట్లాడవు గదా నాయనా!"

ఆయన కొట్టి ఉంటే అంత భయపడేదాన్ని కాదేమో. అక్కడే రోడ్డు పక్కన రాయి మీద కూలబడిపోయాడు. తాత మాకు వీపు తిప్పి, అవసరం లేకపోయినా టైర్లు తడుముతూ నిలబడ్డాడు.

మదనపల్లె తిరిగి వచ్చేటప్పుడు నాయన నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. ఊరు దగ్గర పడుతుండగా ఉన్నట్టుండి, "మీ అమ్మకు ఈ పెట్రోలు వాసన గిట్టేది కాదు" అన్నాడు. ఏడాదిలో ఆయన నోట అమ్మ మాట వినడం అదే మొదలు. అమ్మకు ఇంకేం గిట్టేది కాదని అడిగాను. చెప్పాడు. ఇల్లు చేరాక కూడా ఇద్దరం కారు దిగలేదు. మర్నాడు నన్ను వెంటబెట్టుకుని పోయి సావుకారుకు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సావుకారు నోరారా తిట్టి, కుప్పం పోవాలి, కారు తీయమన్నాడు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. మా ఆయన పోయాక నేనూ మా నాయనలాగే అయిపోయాను. రోజుల తరబడి ఎవరితోనూ పలకలేదు. అలా ఉంటే గౌరవంగా ఉంటుందనుకున్నాను, పిచ్చిదాన్ని. ఏడుపొస్తే తలుపేసుకుని ఏడ్చేదాన్ని. ఒకనాడు ఆ రాయి మీద కూలబడిన నాయన ముఖం గుర్తొచ్చింది. అప్పటి నుంచి సాయంత్రమైతే వాకిట్లో కుర్చీ వేసుకుంటాను. దారిన పోయేవాళ్లను, తెలిసినా తెలియకపోయినా, "తిన్నావా అమ్మా?", "తిన్నావా అప్పా?" అని పలకరిస్తాను. చాలామంది తల ఊపి పోతారు. ఎవరో ఒకరు నిలబడతారు.