కార్తీకంలో గొర్రె

మా ఇంట్లోకి గుడ్డు కూడా రాదు. అలాంటి ఇంటి వసారాలో ఒక పెద్ద ఫ్రీజర్, దాని నిండా పచ్చి గొర్రె మాంసం. అదంతా మా రెండు కుక్కల కోసం. ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన ఈ సంగతి తానే ముందు చెప్పేస్తాడు, "మాకు పప్పు, వాటికి పొట్టేలు" అని. దానికి నవ్వే ఓపిక నాకు ఎప్పుడో పోయింది.

సరదాకి మొదలుపెట్టింది కాదిది. పెద్ద కుక్కకు ఒళ్ళంతా పుండ్లు పడి, గోకి గోకి నెత్తురు కారేది. పెరుగన్నం మానేయండి, కొన్న కుక్కల మేతలో ఉండే కోడి కూడా పడటం లేదు, పచ్చి గొర్రె మాంసం పెట్టి చూడండి అన్నాడు పశువుల డాక్టరు. పెట్టాం. వానాకాలం దాటేసరికి పుండ్లు మాని వెంట్రుకలు మొలిచాయి. ఇక మానే దారి లేకపోయింది. చిన్న కుక్క ఏది పెట్టినా తింటుంది గానీ, పక్కన పెద్దది మాంసం తింటుంటే అది మాత్రం ఊరుకుంటుందా?

కర్నూలులో మాంసం దుకాణాలకేం కొదవ లేదు. కాని కుక్కకని చెబితే మేం వెళ్ళిన చోటల్లా అడుగున మిగిలింది తూచేవారు. ఒకసారి అది తిని పెద్దది చావు తప్పి బయటపడింది. అప్పటినుంచి నందికొట్కూరు దారిలో ఉన్న ఒక ముసలాయన గొర్రెల దొడ్డికి వెళ్తున్నాం. ఆయనది పాళ్ళ పద్ధతి. ఊళ్ళోవాళ్ళు తమకు వాటా కావాలని ముందే చెబుతారు. వాటాలన్నీ కుదిరితేనే ఆదివారం పొద్దున ఒక గొర్రెను కోస్తాడు. పట్టా పరిచి, కండ, ఎముక, కార్జం అన్నీ అందరికీ కాస్త కాస్త వచ్చేట్టు కుప్పలు వేస్తాడు. నాకు రెండు కుప్పలు, వాటితోపాటు ఎవరూ ముట్టుకోని ఊపిరితిత్తులు, గొంతు గొట్టం. కోత అంతా అయ్యాకే నేను వెళ్ళేదాన్ని. ఇంటికి తెచ్చి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని, పూటకొక సంచి చొప్పున కట్టి ఫ్రీజర్లో సర్దేసరికి నడుము పడిపోయేది. అయినా మనసు నిమ్మళంగా ఉండేది. ఎలాగూ ఊరి కోసం తెగింది, అందులో నాది వాటా మాత్రమే అనుకునేదాన్ని.

ఈ కార్తీకం మొదటి ఆదివారం ఆ నిమ్మళం కాస్తా పోయింది. తెల్లవారుజామునే దీపం పెట్టుకుని బయల్దేరాం. వెళ్ళేసరికి పట్టా లేదు, కుప్పలు లేవు. ముసలాయన వేపపుల్ల నములుతూ కూర్చున్నాడు.

"కార్తీకం గదమ్మా. ఈ నెలంతా మా ఊర్లో ఎవురూ కుప్ప తీసుకోరు. నీ ఒక్కదానికే కోయల్లంటే మొత్తం నువ్వే తీసుకోవల్ల," అన్నాడు.

ఫ్రీజర్లో ఆ పూటకు సరిపడా మాత్రమే ఉంది. సరే అన్నాను.

"అట్లయితే ఏది కావల్లో సూపీమ్మా."

మా ఆయన వైపు చూశాను. "కుక్కలు నీవి, నువ్వే సూపీ," అని ఆయన కారు దగ్గరికి పోయాడు. చెవి మీద నల్ల మచ్చ ఉన్న గొర్రె ఒకటి అన్నిటికంటే దగ్గరగా నిలబడి ఉంది. దాన్ని చూపించాను. ముసలాయన దాన్ని బయటికి తెచ్చి, చెంబుతో నీళ్ళు నా చేతికిచ్చాడు.

"మా దొడ్లో నీళ్ళు సల్లకుండా కొయ్యం. జాతరకే గాదు, ఎప్పుడైనా అంతే. ఒళ్ళు జాడిస్తే అది ఒప్పుకున్నట్టు. ఎవురికోసం కోస్తాండామో వాళ్ళే సల్లల్ల."

"ఇన్నాళ్ళూ ఎవరు చల్లారు?"

"కుప్ప తీసుకునేటోళ్ళలో ఎవురో ఒకరు. నువ్వు ఆ పొద్దుకు రావు గదా."

చల్లాను. అది కదల్లేదు. మేత ఉందేమోనని చెంబు వాసన చూసింది. మళ్ళీ చల్లాను. జాడించకే తల్లీ అని ఒక పక్క మొక్కుకుంటున్నాను. ఇంకో పక్క, సాయంత్రం పెద్దదాని గిన్నెలో ఏం వెయ్యాలా అని గుండె పీకుతోంది. ఎన్ని సంచులు కట్టినా రానంత అలసట అక్కడ నిలబడితే వచ్చింది. మళ్ళీ చల్లినప్పుడు చెవిలో నీళ్ళు పడ్డట్టున్నాయి, ఒళ్ళంతా ఒక్కసారి జాడించింది. తుంపర నా చీర మీద పడింది.

"ఒప్పుకునింది," అన్నాడు ముసలాయన.

చెవిలో నీళ్ళు పడితే ఏ జీవమైనా జాడిస్తుంది. ఆయనకు మాత్రం ఆ సంగతి తెలియదా? నేను కారులో కూర్చుని ఏడ్చాను. మా ఆయన ఎన్నడూ లేనిది, ఒక్క వేళాకోళం ఆడలేదు.

ఆ గొర్రె ఇంకా సగం ఉండగానే పెద్దదాని వెనక కాళ్ళు పడిపోయాయి. ముసలిదైపోయింది మరి. ఉన్నచోటనే తింటోంది, ఉన్నచోటనే తడుపుకుంటోంది. నాకు రోజంతా దాని గుడ్డలు ఉతకడం, దాన్ని పక్కకు తిప్పడం. డాక్టరు వచ్చి చూశాడు. "నొప్పి పెద్దగా లేదు గానీ, ఇక లేవదు. ఇంజెక్షన్ ఇచ్చేద్దామంటే ఇచ్చేద్దాం. మీరే చెప్పాలి," అన్నాడు. "నువ్వు సగమైపోతాండావు, ఇంక సాలు," అన్నాడు మా ఆయన. నాకూ చాలనే అనిపించింది. మర్నాడు రమ్మని డాక్టరుతో చెప్పాను.

పొద్దున దాన్ని వసారాలోకి తెచ్చి ఒళ్ళు తుడుస్తున్నాను. చెంబు పక్కనే ఉంది. ఏమనిపించిందో, చేత్తో నీళ్ళు తీసి దాని వీపు మీద చల్లాను. ఒకప్పుడు స్నానం చేయిస్తే ఇది జాడించే జాడింపుకు గోడలు తడిసేవి. ఇప్పుడు కదల్లేదు. చెవిలో కూడా రెండు చుక్కలు వేశాను. మెల్లగా మెడ తిప్పి, నా తడి చెయ్యి నాకింది.

డాక్టరుకు ఫోన్ చేసి రావద్దన్నాను.

ఇప్పటికీ ఉంది. మాంసం మెత్తగా దంచి వేళ్ళతో నోట్లో పెడుతున్నాను. విసుగొస్తోంది, దాచుకోవడమెందుకు? నిన్న ఫ్రీజర్ అడుగున చివరి సంచి తీశాను. కార్తీకం ఇంకా అయిపోలేదు. ఆదివారం మళ్ళీ దొడ్డికి వెళ్ళాలి. ఇంకో గొర్రెను చూపించి, అది జాడించేదాకా నీళ్ళు చల్లాలి.