సముద్రపు పిట్టకి రాజుగారి విందు

2022 వానాకాలం. అనకాపల్లిలో ఒక మందుల షాపు మేడ మీద నా స్పీచ్ థెరపీ గది. స్ట్రోక్ వచ్చి మాట పోయినవాళ్లకు మాట తిరిగి నేర్పడం నా పని. సూరిబాబు గారిని తీసుకొచ్చినప్పుడు ఆయన మాట పోలేదు. అదే సమస్య. గంటసేపు ఆపకుండా మాట్లాడారు.

ఆయన బెల్లం వ్యాపారి. మెదడు కుడివైపు దెబ్బతింది. దీన్ని మేం రైట్ హెమిస్ఫియర్ స్ట్రోక్ అంటాం. పదాలు ఉంటాయి, వ్యాకరణం ఉంటుంది. తరచుగా దెబ్బతినేవి రెండు. ఒకటి మెటఫర్, అంటే పైకి ఒకటి చెప్పి లోపల మరొకటి సూచించే మాట. రెండోది కోహెరెన్స్, అంటే మొదలుపెట్టిన మాటను చివరిదాకా ఒకే దారిలో నడిపించడం. పక్క కొట్టు మిత్రుడు చూడ్డానికొచ్చి, "నువ్వు లేక మీ కొట్లో ఈగలు తోలుకుంటన్నారు బావా" అన్నాడట. ఈయన కొడుకును పిలిచి ఫినాయిలు కొట్టించమన్నారు. బెల్లం కొట్టు కాబట్టి ఆ సలహాను పూర్తిగా తప్పుపట్టలేం.

కొడుకు రమేష్‌కి సబ్బవరంలో సీసీ కెమెరాలు బిగించే షాపు ఉండేది. తండ్రి పట్టుబట్టి దాన్ని మూయించి, తను కోలుకునేదాకా బెల్లం కొట్లో కూర్చోమన్నారు. అతను మొదటిరోజే సూటిగా అడిగాడు.

"డాక్టరు గారూ, కొత్త బెల్లం దిగేలోపు నాన్న కొట్లో కూర్చోగలరో లేదో తేల్చి చెప్పండి. లేదంటే కొట్టు వేరేవాళ్లకి ఇచ్చేత్తాం."

"ఇచ్చేడానికి అదేటి, నీ సెల్‌ఫోనా? నాను కూకుంటాను" అన్నారు తండ్రి.

నేను డాక్టర్ని కానని చెప్పే ఓపిక నాకు పోయి చాలా కాలమైంది. ప్రయత్నిద్దాం అన్నాను.

కోహెరెన్స్‌కి మేం చేయించే అభ్యాసం రీటెల్లింగ్, అంటే విన్న కథను తిరిగి చెప్పించడం. మన కథలు పనికిరాలేదు. నక్క అనగానే ఆయన చిన్నప్పటి వాచకంలోని నీతి గడగడా అప్పజెప్పేవారు. నక్క ఏం చేసిందో మాత్రం గుర్తుండేది కాదు. ఆయన ఎన్నడూ వినని, చివర నీతి అతికించని కథ కావాలి. కాలేజీ రోజుల్లో చదివిన ప్రాచీన చైనా తావో కథలు గుర్తొచ్చాయి. చాలావరకు అవి అర్థం చెప్పకుండానే అయిపోతాయి. చెప్పినవాళ్లకు మన మీద నమ్మకమో, తీరిక లేకపోవడమో తెలీదు.

నేను ఎంచుకున్న కథ ఇది. ఒక సముద్రపు పిట్ట ఊరి బయట వాలింది. రాజుగారు మురిసిపోయి దానికి సారా పోయించి, మాంసం పెట్టించి, పాటకచేరీ ఏర్పాటు చేశారు. పిట్ట బెదిరిపోయి, ఏదీ ముట్టకుండా మూడోరోజు చచ్చిపోయింది. అంతే.

సూరిబాబు గారు మొదలుపెట్టారు. "పిట్టొచ్చింది. రాజు సారా పోయించేడు. సారా అంటే గుర్తొచ్చింది, మా తోడల్లుడి కూతురి పెళ్లిలో, కె. కోటపాడులో..."

పెళ్లి భోజనాలదాకా వెళ్లాక అడిగాను. "పిట్ట ఏదండీ?"

"ఏ పిట్ట?"

"చచ్చిపోయింది కదా."

"అయ్యో, ఎప్పుడు?"

అదే మా పద్ధతి అయింది. దారి తప్పినప్పుడల్లా "పిట్ట ఏది?" అంటాను. ఆయన విసుక్కుని మళ్లీ మొదటినుంచి అందుకుంటారు. ఇవాళ్టికి చాలంటే ఒప్పుకునేవారు కాదు. "సాలనడానికి నువ్వెవరు బాబూ? పిట్ట ఇంకా బతికే ఉంది" అనేవారు. ఒక పక్షి చావును ఇంత పట్టుదలగా కోరుకున్న మనిషిని నేను చూడలేదు.

దీపావళి వెళ్లాక ఒకరోజు, రమేష్ కూడా గదిలో ఉండగా, కథ ఏ పెళ్లిలోకీ దూరకుండా చివరిదాకా వచ్చింది. కోహెరెన్స్ సంగతి తేలింది. ఇక మెటఫర్.

"ఆ పిట్ట ఎవరనుకుంటున్నారు?" అని అడిగాను.

ఇంట్లో కొడుకు ప్రేమకొద్దీ ఆయనకు ఏర్పాటు చేసినవి ఏసీ గది, చప్పిడి కూడు. టీవీ కూడా బందు. కాబట్టి "నేనే" అన్న జవాబు రావాలి. ఆ ఆశతోనే ఆ కథను ఎంచుకున్నాను.

ఆయన కొడుకు వైపు తిరిగారు. "ఈడు" అన్నారు.

"రమేషా?"

"మరెవరు? కెమెరాలోడిని తెచ్చి బెల్లం మీద కూకోబెట్టేను. కొట్టు ఇచ్చేను, పరుపేసేను, పేరిచ్చేను. ఏదైనా మింగుడు పడతందా ఆడికి? మొకం సూడు."

"అదేం లేదు నాన్నా" అన్నాడు రమేష్. తల మాత్రం ఎత్తలేదు.

"నోర్ముయ్. దెబ్బ తలకి తగిలింది, కళ్లకి కాదు. ఆ రాజు నానే. సోమారం నుంచి కొట్లో నాను కూకుంటాను. నువ్వు సబ్బవరం పో."

రమేష్ నా వైపు చూశాడు. అతను అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పాలి. పొద్దుటిపూట మాత్రమే కూర్చోవచ్చని, పక్కన పాత గుమస్తా ఉండాలని, బేరం దారి తప్పితే అతను "సరుకేది?" అని అడగాలని చెప్పాను. కొట్టు ఎవరికీ ఇవ్వలేదు. ఆ సీజనంతా సూరిబాబు గారు కూర్చున్నారు. కె. కోటపాడు పెళ్లి అప్పుడప్పుడు బేరాల్లోకి వచ్చేదట. రైతులు దానికీ అలవాటుపడ్డారు.

నీతి లేని కథ కోసం వెతికి, దానికి నా నీతిని నేనే అతికించుకుని ఆయన ముందు పెట్టాను. నేననుకున్న జవాబు వచ్చుంటే పాస్ అని రాసుకుని సంతోషించేవాణ్ణి. ఎదుటి మనిషి కష్టం కనిపెట్టే శక్తి ఆయనకు తిరిగొచ్చిందని మాత్రం నాకు తెలిసేది కాదు. ఇప్పుడు పేషెంట్ జవాబు నా జవాబుతో కలవకపోతే వెంటనే తప్పు కొట్టను. పెన్ను కింద పెట్టి, "ఎందుకలా అనుకున్నారు?" అని అడుగుతాను.